ఒక్క నిమిషం ఆగండి సార్!

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త ట్రెజరీ శాఖలో గుమాస్తాగా చేరి, 36 సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసిన మన సభ్యులు.)



ఈ ఏడాది ఆరోగ్యం మీద ఎవరైనా మాట్లాడాలి, నువ్వే మాట్లాడు అన్నారు కార్యదర్శి గారు. నేను డాక్టరును కాను, కాంపౌండరును కూడా కాను. జీవితమంతా బిల్లులు సరిచూసినవాడిని. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే, ఆస్పత్రి గురించి నేను చెప్పదలచిన విషయం చివరకు మన గుమాస్తాల విషయమే అయి కూర్చుంది. ఎలాగో మనవి చేస్తాను.

మనం డిసెంబరు 17వ తేదీన ఎందుకు సమావేశం అవుతామో మీకు తెలియనిది కాదు. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెప్పింది. పెన్షను సర్కారు వారి దయాదాక్షిణ్యం కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఒక పెద్దమనిషి ఊరుకోకుండా అడిగాడు కాబట్టి ఆ తీర్పు వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదు అన్నారు పెద్దలు. ఈ రోజు నేను చెప్పబోయేది, అడగవలసిన చోట అడగకుండా ఊరుకున్న ఒకడి సంగతి. ఆ ఒకడిని నేనే.

2017లో మా ఆవిడకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి అది రక్తంలోకి పాకింది. రాత్రికి రాత్రి బి.పి. పడిపోయింది. ఒక పెద్ద ఆస్పత్రిలో ఐసియులో చేర్చాము. మెడ దగ్గర కుడివైపు ఒక గొట్టం పెట్టాలి, సంతకం చేయండి అన్నారు. చేశాను. అన్నేళ్లు సంతకం లేని కాగితాన్ని వెనక్కి పంపినవాడిని, ఆ రోజు చదవకుండా సంతకం పెట్టాను. మనలో చాలామంది చేసేది అదే.

ఆ గొట్టాన్ని సెంట్రల్ వీనస్ కాథెటర్ అంటారు. ఐసియులో అందరూ సెంట్రల్ లైన్ అని, ఇంకా పొట్టిగా లైన్ అని అంటారు. చేతికి పెట్టే మామూలు సెలైన్ సూది చిన్న నరంలో ఉంటుంది. ఇది అలా కాదు. మెడలోనో, కాలర్ ఎముక కిందనో, గజ్జల్లోనో ఉండే పెద్ద సిర గుండా లోపలికి పోతుంది. మెడ నుంచి పెడితే దాని కొస గుండె గుమ్మం దాకా వెళ్తుంది. బి.పి.ని నిలబెట్టే ఘాటు మందులు చిన్న నరాలలో ఎక్కిస్తే అవి పాడవుతాయి. అందుకని పెద్ద సిర కావాలి. ప్రాణం నిలబెట్టేది ఆ గొట్టమే. మా ఆవిడను మొదటి మూడు రోజులు బతికించిందీ అదే. దాని మీద నాకు కోపం లేదు.

కానీ బయటి ప్రపంచం నుంచి గుండె గుమ్మం దాకా వేసిన బాట అది. మందు ఏ దారిన వెళ్తుందో సూక్ష్మక్రిములు కూడా ఆ దారినే వెళ్లగలవు. చర్మం మీద గొట్టం దిగిన చోటు ఒక ద్వారం. మందు ఎక్కించడానికి బయట ఉండే మూతి, దాన్ని హబ్ అంటారు, అది రెండో ద్వారం. ఈ రెండు ద్వారాలకూ రాత్రింబవళ్లు కాపలా ఉండేది నర్సు. లైను పెట్టే డాక్టరు అరగంటలో పని ముగించి వెళ్లిపోతారు. ఆ తరువాత అన్ని రోజులూ అది నర్సు చేతిలోనే ఉంటుంది.

అయిదో రోజు సాయంత్రం నన్ను పది నిమిషాలు లోపలికి పంపారు. మెడ మీద అంటించిన పారదర్శకమైన ప్లాస్టరు, అనగా డ్రెస్సింగ్, ఒక అంచున లేచిపోయి ఉంది. లోపల చెమట చేరి తడిగా కనిపించింది. దాని మీద తేదీ రాసే చోట తేదీ లేదు. నా కన్ను ముందుగా తేదీ లేని సంగతినే పట్టుకుంది, అది మన వృత్తి లక్షణం. అక్కడ ఒక చిన్న సిస్టరు మూడు మంచాల మధ్య పరుగులు తీస్తోంది. ఐసియులో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది పుస్తకంలో మాట. ఆ పిల్లను పిలిచి చెబుదామా అనుకున్నాను. వాళ్లకు తెలియదా, మనకెందుకు, మనం ఏమైనా అంటే ఆ కోపం పేషెంటు మీద చూపిస్తారేమో అని కూడా అనుకున్నాను. జేబులోంచి విభూతి పొట్లం తీసి ఆవిడ నుదుట పెట్టి, బయటికి వచ్చేశాను. చేతులు కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు నాకు.

ఏడో రోజు తెల్లవారుజామున వణుకుతో జ్వరం వచ్చింది. మెడలోని లైను తీసేశారు, మరోచోట ఇంకొకటి పెట్టారు. రక్తం కల్చరుకు పంపారు. మందులు మార్చారు. మొదట పదిరోజులు అనుకున్నది 26 రోజులయింది. ఆవిడ ఇంటికి వచ్చింది. కానీ పూజగది దాకా కూడా పట్టుకోకుండా నడవలేకపోయింది. మరో పద్నాలుగు నెలలు బతికి, గుండెపోటుతో వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఆ డ్రెస్సింగ్ లేచిపోవడం వల్లనే జ్వరం వచ్చిందని నేను అనడం లేదు. అది ఎవరూ రుజువు చేయలేరు. నేను చెప్పేది ఒక్కటే. చూశాను, అనలేదు.

డిశ్చార్జి రోజున ఆ చిన్న సిస్టరు చక్రాల కుర్చీ తోసుకుంటూ లిఫ్టు దాకా వచ్చింది. నేను ఉండబట్టలేక ఆ డ్రెస్సింగ్ సంగతి అన్నాను. ఆ పిల్ల తలవంచుకుని, "నేనూ చూశాను తాతగారూ. ఆ పూట స్టాకు లేదు. ఇండెంటు పెట్టాం, రాలేదు. పెద్ద డాక్టరు గారు రౌండ్సుకు వచ్చినప్పుడు చెబుదామంటే భయం వేసింది," అంది. అంటే ఇద్దరం చూశాము. ఇద్దరం ఊరుకున్నాము.

ఇప్పుడు మన ట్రెజరీలోకి వద్దాం. 1979 మార్చి 31. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజున సబ్ ట్రెజరీ ఎలా ఉంటుందో ఇక్కడున్న వారిలో సగంమందికి తెలుసు. పెట్రోమాక్సు లైట్లు సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఒక పెద్ద అధికారి కార్యాలయం నుంచి భారీ బిల్లు వచ్చింది. అంకెలలో ఒక మొత్తం, అక్షరాలలో ఇంకో మొత్తం ఉన్నాయి. నేను అభ్యంతరం రాసి వాపసు చేశాను. అరగంటలో వాళ్ల హెడ్ గుమాస్తా వచ్చి, "ఎవరి బిల్లు తిప్పావో తెలుసా?" అని గుడ్లురిమాడు. నాకు అప్పుడు 29 ఏళ్లు. కాళ్లు వణికాయి. మా ఎస్.టి.ఓ. గారు లేచి వచ్చి, నా కుర్చీ మీద చెయ్యి వేసి, "ట్రెజరీ కోడ్ ముందు ఎవరి బిల్లయినా బిల్లే. సరిచేసి తీసుకురండి, రాత్రి పన్నెండు దాకా మావాడు కూర్చుంటాడు," అన్నారు. సరిచేసి తెచ్చారు. పాసయింది. ఎవరి గౌరవానికీ భంగం కలగలేదు.

గమనించండి. ఒక చిన్న గుమాస్తా ఎంత పెద్ద అధికారి బిల్లునైనా ఆపగలిగాడంటే అది వాడి ధైర్యం కాదు. వాడి వెనుక కోడ్ ఉంది, వాడి కుర్చీ మీద పై అధికారి చెయ్యి ఉంది. ఆ రెండూ లేకపోతే నేను కూడా ఆ సిస్టరులాగే తలవంచుకునేవాడిని.

ఈ సంగతి నాకు అర్థమైంది 2023లో. మా మేనకోడలు నర్సింగు చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో కొత్త నర్సులకు శిక్షణ ఇచ్చే పనిలో ఉంది. ఒకరోజు ఫోను చేసి, "మావయ్యా, ఐసియు నర్సులకు సెంట్రల్ లైను జాగ్రత్తల మీద రెండు రోజుల తరగతులు పెట్టాం. పేషెంటు తరఫు మనిషిగా వచ్చి ఒక పది నిమిషాలు మాట్లాడు," అంది. పది నిమిషాలకని వెళ్లినవాడిని రెండు రోజులూ కూర్చున్నాను. మన జిల్లాల పిల్లలు కొందరు, కేరళ పిల్లలు కొందరు, మొత్తం పద్దెనిమిది మంది.

మొదటి పాఠం చేతులు కడుక్కోవడం. అదేం పాఠం అనుకున్నాను. మెరిసే పొడి కలిపిన ఒక ద్రవం అందరి చేతులకూ రాసి, కడుక్కు రమ్మన్నారు. నేనూ కడుక్కున్నాను. తరువాత చీకటి పెట్టెలో నీలం లైటు కింద చేతులు పెట్టమన్నారు. నా బొటనవేళ్లు, గోళ్ల చివరలు, ఉంగరం చుట్టూ తళతళా మెరుస్తున్నాయి! డెబ్భై ఏళ్లుగా చేతులు కడుక్కుంటున్నాను అనుకున్నవాడికి అది పెద్ద ఆడిట్ అభ్యంతరం. అప్పుడు విభూతి పొట్లం జ్ఞాపకం వచ్చింది.

రెండో పాఠం డ్రెస్సింగ్ మార్చడం. రబ్బరు బొమ్మ మెడకు లైను పెట్టి ఉంది. క్లోర్‌హెక్సిడిన్ అనే మందు, ఆల్కహాలుతో కలిసినది, దానితో గొట్టం దిగిన చోట అర నిమిషం పాటు అటూ ఇటూ బాగా రుద్దాలి. తరువాత అది దానంతట అదే ఆరాలి. ఒక అమ్మాయి తొందరగా ఆరాలని చేత్తో విసిరింది. మా మేనకోడలు వెంటనే, "విసరకూడదు, ఊదకూడదు. ఆరే సమయంలోనే అది క్రిములను చంపేది," అంది. పారదర్శకమైన డ్రెస్సింగ్ అయితే ఏడు రోజులకు ఒకసారి, గుడ్డ డ్రెస్సింగ్ అయితే రెండు రోజులకు ఒకసారి మార్చాలి. కానీ తడిసినా, మాసినా, అంచు లేచినా గడువు చూడనక్కరలేదు, వెంటనే మార్చాలి. ఆ ఆఖరి వాక్యం విన్నప్పుడు నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మూడో పాఠం హబ్. మందు ఎక్కించే ప్రతిసారీ, ప్రతి ఒక్కసారీ, ఆ మూతిని స్పిరిటు దూదితో పదిహేను సెకన్లు రుద్దాలి. పైపైన తుడవడం కాదు, నిమ్మకాయ పిండినట్టు మెలితిప్పుతూ రుద్దాలి. పదిహేను సెకన్లు ఎంతో తెలుసా? అందరూ ఏడు సెకన్లకే ఆపేశారు. గడియారం చూసి లెక్కపెట్టించారు. ఒక రోగికి రోజుకు ఇరవైసార్లు మందు ఎక్కించవలసి వస్తే ఇరవైసార్లూ అదే పద్ధతి. రాత్రి మూడు గంటలకు, ఇద్దరు రోగుల అలారాలు ఒకేసారి మోగుతున్నప్పుడు కూడా అదే పద్ధతి. ఆ ఉద్యోగం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

నాలుగో పాఠం దగ్గర నేను పాలుపంచుకున్నాను, అది లెక్క కాబట్టి. ఇన్ఫెక్షన్లు ఎన్ని వచ్చాయో చెబితే చాలదు, ఎన్ని లైను దినాలకు వచ్చాయో చెప్పాలి. ప్రతిరోజూ ఒకే వేళకు ఐసియులో ఎంతమందికి సెంట్రల్ లైను ఉందో లెక్కపెట్టి రిజిస్టరులో రాస్తారు. నెలాఖరుకు అవన్నీ కూడితే లైను దినాలు. ఇన్ఫెక్షన్ల సంఖ్యను వెయ్యితో హెచ్చవేసి ఆ మొత్తంతో భాగిస్తే వెయ్యి లైను దినాలకు రేటు వస్తుంది. బల్ల మీద ఉదాహరణకు ఒక లెక్క రాశారు. పోయిన నెల 400 లైను దినాలు, 3 ఇన్ఫెక్షన్లు. ఈ నెల 210 లైను దినాలు, 2 ఇన్ఫెక్షన్లు. ఏ నెల మెరుగు? పిల్లలంతా ఈ నెలే అన్నారు. నేను వెనక బెంచీలోంచి, "కాదమ్మా, పోయిన నెల 7.5, ఈ నెల 9.5," అన్నాను. నోటిలెక్క ఇంకా మిగిలి ఉందన్న తృప్తి కలిగింది. రోజువారీ లెక్క రాయనివాడికి తన ఇంట్లో దొంగ పడ్డాడో లేదో తెలియదు.

ఆ సాయంత్రం మా మేనకోడలు ఈ పద్ధతి పుట్టిన కథ చెప్పింది. అమెరికాలో బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్కిన్స్ అనే పేరుగల ఆస్పత్రి ఉంది. అక్కడ డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ అనే ఐసియు నిపుణుడు 2001లో లైను పెట్టేటప్పుడు చేయవలసిన అయిదు పనులను ఒక కాగితం మీద రాశారు. చేతులు శుభ్రం చేసుకోవాలి. రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయాలి. పెట్టేవారు టోపీ, మాస్కు, స్టెరైల్ గౌను, గ్లౌజులు వేసుకుని, రోగి ఒళ్లంతా స్టెరైల్ వస్త్రం కప్పాలి. వీలైనంతవరకు గజ్జల్లో పెట్టకూడదు. అవసరం తీరిన లైను తీసేయాలి. ఇంతే. ఇందులో డాక్టర్లకు తెలియనిది ఒక్కటీ లేదు.

ముందుగా ఆయన నర్సులతో, ఒక నెలపాటు ఊరికే చూసి రాయండి అన్నారు. మూడోవంతుకు పైగా రోగుల విషయంలో ఏదో ఒక మెట్టు తప్పిపోయిందని తేలింది. దొంగతనం కాదు, దుర్బుద్ధి కాదు. తొందర, అలవాటు. అప్పుడు ఆయన చేసిన పనే అసలు పని. ఆస్పత్రి పెద్దలను ఒప్పించి, మెట్టు తప్పిన డాక్టరును ఆపే అధికారం నర్సులకు ఇప్పించారు. సామానంతా ఒకే బండి మీద ఉండేలా ఏర్పాటు చేశారు. లైను అవసరం ఇంకా ఉందా అని ప్రతిరోజూ నర్సులు డాక్టర్లను అడగాలన్నారు. లైను పెట్టిన పదిరోజుల్లో ఇన్ఫెక్షన్ వచ్చే శాతం 11 నుంచి సున్నాకు దిగింది.

తరువాత మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసియులలో ఈ పద్ధతిని అమలు చేశారు. ఫలితాలు 2006 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. వెయ్యి లైను దినాలకు సగటున 7.7 ఉన్న రేటు, ఏడాదిన్నర నాటికి 1.4కు తగ్గింది. మన దేశంలో ఏడు నగరాలలో 12 ఐసియులను పరిశీలించి 2007లో ప్రకటించిన లెక్క వెయ్యికి దాదాపు 8. అంటే వాళ్లు మొదలుపెట్టినప్పుడు ఎక్కడున్నారో మనం దాదాపు అక్కడే ఉన్నామన్నమాట. వాళ్లు దిగగలిగిన మెట్లు మనం దిగలేమా?

ఇంకో చిన్న కథ కూడా చెప్పింది, అది నాకు చాలా నచ్చింది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టరు, చేతి నరం గుండా సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని నమ్మాడు. పైవారు వద్దన్నారు. స్టెరైల్ పరికరాల బీరువా తాళాలు గెర్డా డిట్సెన్ అనే నర్సు దగ్గర ఉన్నాయి. ఆమెను ఒప్పించాడు. ఆమె నా మీదే ప్రయోగం చేయండి అంది. సరేనని ఆమెను బల్లకు కట్టేసి, ఆమెకు తెలియకుండా గొట్టాన్ని తన చేతిలోకే దింపుకున్నాడు! తరువాత కట్లు విప్పి, ఇద్దరూ నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి, గొట్టం గుండెకు చేరిందని ఫోటో తీయించారు. 1956లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. తాళాలు ఇచ్చిన ఆమె పేరు ఎవరికి గుర్తుంది? మొదటి రోజు నుంచీ తాళం నర్సు చేతిలోనే ఉందని మాత్రం నాకు అర్థమైంది.

ఇక రెండో రోజు సంగతి. అన్నిటికంటే కష్టమైన పాఠం ఏదో తెలుసా? గౌను తొడుక్కోవడం కాదు, సూది పట్టుకోవడం కాదు. "ఆగండి" అనడం. నాకు తెల్లకోటు తొడిగించి, పెద్ద డాక్టరు వేషం ఇచ్చారు. చేతులు శుభ్రం చేసుకోకుండా లైను పెట్టబోవాలి, పక్కనున్న నర్సు ఆపాలి. ఒక అమ్మాయి వచ్చింది. ముందు రోజు డ్రెస్సింగ్ అందరికంటే చక్కగా చేసింది ఆ పిల్లే. నేను గంభీరంగా వచ్చి నేరుగా గ్లౌజులు తీసుకున్నాను. ఆ అమ్మాయి చూసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. తల దించుకుంది. నటన అని తెలుసు, ఎదురుగా ఉన్నది ఒక ముసలి గుమాస్తా అని తెలుసు. అయినా రాలేదు. ఆ తలదించుకోవడం నేను లిఫ్టు దగ్గర చూశాను. అద్దంలోనూ చూశాను.

అప్పుడు నేను కోటు విప్పి, 1979 మార్చి 31 కథ చెప్పాను. నాకు ఇచ్చిన పది నిమిషాలు అక్కడే ఖర్చయ్యాయి. మా ఆవిడ సంగతీ చెప్పాను. ఎవరినీ నిందించలేదు. "అమ్మా, ఆ రోజు మీలో ఒకరు, లేదా నేను, నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. విప్పలేదన్నది మాత్రం రోజూ తెలుస్తుంది," అన్నాను.

ఐసియు పెద్ద డాక్టరు గారు కూడా అక్కడే ఉన్నారు. మంచి మనిషి. "మా యూనిట్లో ఎవరైనా నన్ను ఆపవచ్చు, నేను ఏమీ అనను," అన్నారు. నేను చెయ్యి ఎత్తి, "అయ్యా, ఆ మాట కాగితం మీద ఉందా?" అని అడిగాను. గది అంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నేను నవ్వలేదు. "ముప్పై ఆరేళ్ల అనుభవంతో చెబుతున్నాను సార్. నోటిమాట మీతోపాటు బదిలీ అయిపోతుంది. సర్క్యులరు అయితే గోడ మీద ఉంటుంది. రాత్రి రెండు గంటలకు కొత్త డాక్టరు వచ్చి, నువ్వెవరు నన్ను ఆపడానికి అంటే, ఈ పిల్ల ఆ గోడ వైపు చూపించగలగాలి," అన్నాను.

మధ్యాహ్నం భోజనాల తరువాత ఆయన సంతకంతో ఒక కాగితం వచ్చింది. నాలుగు వాక్యాలు. మెట్టు తప్పితే నర్సు ఆపాలి. ఆపినప్పుడు డాక్టరు ఆగాలి. ఆపినందుకు ఎవరూ సంజాయిషీ అడగరాదు. సామాను లేకపోతే ఎవరికి ఏ నంబరుకు ఫోను చేయాలో అదీ రాశారు. నేను చదివి, తేదీ వేయడం మరిచిపోయారని చూపించాను. వేశారు.

మళ్లీ తెల్లకోటు తొడుక్కున్నాను. మళ్లీ ఆ అమ్మాయే వచ్చింది. నేను గ్లౌజుల మీద చెయ్యి వేయబోయాను. "ఒక్క నిమిషం ఆగండి సార్. చేతులు శుభ్రం చేసుకున్నాక మొదలుపెడదాం," అంది. గొంతు సన్నగా ఉంది, కానీ తల ఎత్తే ఉంది. నేను ఆగాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కాగితం ఉన్నంత మాత్రాన పని జరగదు. తనిఖీకి ముందు రాత్రి కూర్చుని నెల రోజుల రిజిస్టరు ఒకే సిరాతో నింపిన ఘనులను మనం చూడలేదా? లైను పెట్టడం అయిపోయాక అయిదు గడులలో టిక్కులు పెడితే అదీ అంతే. చెక్ లిస్టు పని జరుగుతుండగా చదవాలి, అవతలివారు వినాలి. పై అధికారి చెయ్యి కుర్చీ మీద ఉండాలి. స్టోర్సులో సామాను ఉండాలి. ఇండెంటు పెట్టి వారం రోజులు ఎదురుచూసే చోట ఎంత శిక్షణ ఇచ్చినా బూడిదలో పోసిన పన్నీరే.

సోదరులారా, ఇక మన సంగతి. మన వయసులో ఐసియు గుమ్మం ఎవరికీ దూరం కాదు. మనవారు లోపల ఉన్నప్పుడు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లోపలికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోండి. గొట్టాన్ని, డ్రెస్సింగ్‌ను తాకవద్దు. విభూతి, కుంకుమ, తాయెత్తు దాని దరిదాపులకు తీసుకుపోవద్దు. దేవుడికి దణ్ణం బయటనుంచి పెట్టినా చేరుతుంది. డ్రెస్సింగ్ అంచు లేచినా, తడిసినా, చోటు ఎర్రబడినా, వణుకు కనిపించినా వెంటనే సిస్టరుకు చెప్పండి. రోజుకు ఒకసారి డాక్టరు గారిని, "ఈ లైను ఇంకా అవసరమా అండీ?" అని అడగండి. అది తప్పుపట్టడం కాదు. లైను ఎంత త్వరగా బయటికి వస్తే అంత మేలని వాళ్ల పుస్తకమే చెబుతోంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. కేకలు వేయకండి. ఆ పిల్లలు రాత్రింబవళ్లు నిలబడి పనిచేస్తున్నారు, వారి మీద విరుచుకుపడితే ఉన్న ధైర్యం కూడా పోతుంది. "అమ్మా, ఇది లేచినట్టుంది, ఒకసారి చూస్తావా?" అంటే చాలు. మన పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడండి. ఒక్కోసారి మన మాట ఆ సిస్టరుకు ఆసరా అవుతుంది. పేషెంటు తాలూకు వారు అడుగుతున్నారు సార్ అని ఆమె పైవారితో చెప్పగలుగుతుంది.

మా మేనకోడలు ఈ మధ్య ఫోను చేసింది. గోడ మీది కాగితం ఇంకా ఉందట. పెద్ద డాక్టరు గారు వేరే ఊరు వెళ్లిపోయారట, కొత్తగా వచ్చిన వారు దాని కింద తమ సంతకం కూడా పెట్టారట. "తేదీ వేశారా?" అని అడిగాను. "వేశారు మావయ్యా," అంది.

 మా ఆవిడ ఉండి ఉంటే, ఈ మాటలు ఆ రోజు అక్కడ చెప్పవలసింది అనేది. నిజమే. అక్కడ చెప్పలేకపోయినందుకే ఇక్కడ చెప్పాను. మీరు మాత్రం అక్కడే చెప్పండి.